నిమ్మచెట్టు మెడదాకా సిమెంటు

ఇవాళ పొద్దున మా పెద్దాడు ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి నా ముందు పడేశాడు. నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలు నావి, కూడబలుక్కుని చదివాను. సహజ ఎరువట. "నిమ్మచెట్టుకి వెయ్యి అమ్మీ, ఆకు రాలడం ఆగుద్ది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎక్కడ వెయ్యను? మొన్న వేసవిలో నేను రెడ్డిగూడెంలో చెల్లెలింటికి మామిడికాయ పచ్చళ్ళు పెట్టడానికి వెళ్ళి వచ్చేసరికి, కారు పెట్టుకోవడానికని పెరడంతా టైల్స్ వేయించింది వీడే. చెట్టు మొదలుని కూడా వదల్లేదు. చుట్టూ సిమెంటు గట్టు కట్టించి, దానికి ఎర్రరంగు పూయించి, అందంగా ఉందా అని అడిగాడు కూడా.

ఆ చెట్టు మా అత్త నాటింది. మా తిరువూరు పెరడంటే అప్పట్లో ఉత్త మొరం, గునపం వేస్తే ఖంగుమనేది. ఆవిడ కాపురానికి వచ్చిన నాటి నుంచి బియ్యం కడిగిన నీళ్ళు, చేపలు కడిగిన నీళ్ళు, కూరగాయ తొక్కలు, ఊడ్చిన ఎండుటాకులు అన్నీ అక్కడే వేసింది. ఏ మందూ కొట్టలేదు. పిట్ట రెట్టలా కనిపించే పురుగులు లేత ఆకుల్ని తింటుంటే పొద్దున్నే చేత్తో ఏరేసేది. నేను కొత్తకోడలిగా చెంబెడు నీళ్ళు మొదట్లో పోశానని నలుగురిలో కడిగేసింది. "ముద్ద నోట్లో పెట్టుకుంటావా, నడుముకి పూసుకుంటావా? తాగే వేళ్ళు చివర ఉంటాయే పిల్లా. మిట్టమధ్యాహ్నం నీడ ఎందాకా పడుద్దో ఆ అంచున పొయ్యి." పాదు కూడా అంత వెడల్పునే తవ్వేది. మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే బెరడు కుళ్ళుతుందని అక్కడ మట్టి ఎత్తుగా ఉంచేది. ఆవిడ నోటికి జడిసి నేను ఏడ్చాను గానీ, రంజాన్ నెలలో మా వీధి వీధంతా షర్బతులోకి పిండుకున్నది ఆ కాయలే.

సంచీ పక్కకి తన్ని గునపం తీశాను. "అత్తమ్మా, ఆయన అరుస్తారు" అంది కోడలు. "అరవనీ. నువ్వు ఆ చీపురు ఇటివ్వు" అన్నాను. నాలుగు పోట్లకి మొదటి పలక పగిలింది. పెద్దాడు పరిగెత్తుకొచ్చాడు.

"కొత్త టైల్స్ అమ్మీ! నీకేమన్నా పిచ్చా?"

"కారు వీధిలో పెట్టుకోరా. దానికి వేళ్ళు లేవు."

"సంచీ తెచ్చాగా!"

"గొంతు పిసికి హార్లిక్స్ పోస్తావా?"

వాడు గునపం పట్టుకోబోయాడు. నేను వదల్లేదు. కోడలు మధ్యలోకి వచ్చి చీపురుతో పెంకులు ఊడవడం మొదలుపెట్టింది. వాడు వెళ్ళి కారు తీసి వీధిలో పెట్టాడు.

మధ్యాహ్నానికి నీడ అంచుదాకా తవ్వేశాను. కింద మట్టి ఇటుకలా బిగిసి, పాచి వాసన కొట్టింది. ఒక్క వానపాము లేదు. కొమ్మ బెరడు గోటితో గీరి చూశాను, లోపల ఇంకా పచ్చగానే ఉంది. బతుకుతుంది. అయినా నా కోపం చల్లారలేదు. మొరాన్ని మట్టి చెయ్యడానికి మా అత్తకి ఆవిడ జీవితమంతా పట్టింది, వీడు దాన్ని ఒక్క వేసవిలో మళ్ళీ మొరం చేసి పెట్టాడు. ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమంటే, ఈ వయసులో నాకు అంత కాలం ఎవడిస్తాడు?