ఊదుగొట్టం, గొంగడి, వదిన చెయ్యి

1979 ఆగస్టు అయిదు, ఆదివారం, ఉదయం ఎనిమిదింపావు. తేదీల విషయంలో మా ఇంట్లో ఎవరూ నాతో వాదించరు. ఆ పూట సంగతి నిన్న సాయంత్రం మళ్ళీ మనసులోకి వచ్చింది. పుట్టినరోజు బెలూన్లన్నీ పంతం పట్టి ఒక్కతే ఊదిన మనవరాలు, మూతి చుట్టూ చీమలు పాకినట్టుందనీ, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయనీ వచ్చి చెప్పింది. ఊదడం ఆపి నింపాదిగా ఊపిరి పీల్చమన్నాను గానీ, అరవై అయిదేళ్ళ నా గుండె మాత్రం ఆనాటిలాగే గంతు వేసింది.

అప్పుడు నాకు పంతొమ్మిది. ఖమ్మంలో బీయస్సీ చదువుతూ, నాట్ల రోజులని ఇంటికి వచ్చాను. దుమ్ముగూడెం అవతల మా ఊరు. పొలం దాటితే అడవి, గట్టు దాటితే గోదావరి. మూడు రోజులుగా ముసురు. నాట్ల కూలీలకు వంట మా ఇంట్లోనే. అడవి నుంచి తెచ్చిన కట్టెలు నాని ఉన్నాయి, మంట ఇవ్వవు, పొగకు మాత్రం లోటు చెయ్యవు. మీలో చాలామంది ఆ పొగకు కళ్ళు నలుపుకుంటూ ఊదినవారే కనుక ఆ అవస్థ నేను వర్ణించనక్కర్లేదు. మా అన్న భార్య, వైరా ఊరి పిల్ల, కాపురానికి వచ్చి ఆరు నెలలు కాలేదు; పొయ్యి రాజెయ్యడం కూడా రాదన్న మాట పడకూడదని, ఊదుగొట్టం నోటి దగ్గర పెట్టుకుని ఆపకుండా ఊదింది. ఊది ఊది, ఉన్నట్టుండి గొట్టం జారవిడిచింది. కుడి మణికట్టు లోపలికి వంగి, వేళ్ళన్నీ కొంగ ముక్కులా ఒకచోట చేరి బిగుసుకుపోయాయి. అమ్మ విప్పబోతే విడలేదు.

నాయనమ్మ ఒక్క చూపు చూసి, "అడవి గాలి సోకిందే దీనికి. కొడవలి కాల్చుండ్రి, మణికట్టుకు వాత పెడితే దిగుతది" అంది. కొడవలి మొన నిప్పుల్లోకి వెళ్ళింది. దాన్ని చూస్తూ వదిన ఇంకా రొప్పసాగింది. రొప్పేకొద్దీ రెండో చెయ్యి కూడా ముడుచుకుంది. "జూసిండ్రా, ముదురుతాంది" అంది నాయనమ్మ.

నాకు భయం వెయ్యవలసింది. కానీ ఒళ్ళు పులకరించింది! కిందటి నెలే మా మేడం బోర్డు మీద గీసిన పాఠం, చెయ్యి రూపంలో నా కళ్ళ ముందుంది. అతిగా ఊదితే ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. దానితో రక్తంలో ఆమ్లం తగ్గుతుంది. ఆమ్లం తగ్గితే, విడిగా తిరిగే కాల్షియం కొంత వెళ్ళి రక్తంలోని మాంసకృత్తులకు అతుక్కుంటుంది. నరాల కణాల పొరలో సోడియం చొరబడే సన్నని దారులుంటాయి. బయట కాల్షియం తగినంత ఉన్నంతసేపే అవి అదుపులో ఉంటాయి. అది తగ్గిందా, అయినదానికీ కానిదానికీ తెరుచుకుంటాయి, నరం తనంతట తానే కండరాన్ని బిగిస్తుంది. ఒక లోహమూ, కాస్త పులుపూ కలిసి మనిషి చేతిని ఏలుతున్నాయన్నమాట!

ఇదంతా గబగబా చెప్పాను. నాయనమ్మ నవ్వింది. "సున్నంల ఉండేదేగా నీ కాల్షియం? ఆకుల పెట్టి తినిపియ్యమంటవా?" అంది. వాకిట్లో కూలీలు కూడా నవ్వారు. మాటలతో అయ్యే పని కాదని తెలిసి, కింద పడ్డ గొట్టం తీసుకుని నేనే ఊదడం మొదలుపెట్టాను. అమ్మ అరుస్తూనే ఉంది. ముందు పెదవులు చిమచిమలాడాయి, తర్వాత కళ్ళు తిరిగాయి, ఆ తర్వాత నా వేళ్ళూ ఒక్కటొక్కటే దగ్గరికి చేరి కొంగ ముక్కయ్యాయి. ఆ చెయ్యి పైకెత్తి, "నాయనమ్మా, నాకూ సోకింది. ముందు నాకు పెట్టు వాత" అన్నాను.

ఎర్రటి కొడవలి చేతిలో ఉండగానే ఆవిడ ఆగిపోయింది. "ఓసి నీ అఘాయిత్యం కూలా, కావాలని తెచ్చుకుంటివి గదనే!" అంది. అవును, నేను చెప్పదలచుకున్నదీ అదే.

ఆ సందులో దండెం మీది గొంగడి మోచేతులతో లాగి, వదిననూ నన్నూ కలిపి కప్పేశాను. లోపల చీకటి, తడిసిన ఉన్ని వాసన. వదిలిన ఊపిరినే కొంత మళ్ళీ పీల్చుకుంటూ కూర్చున్నాం. "నా చెయ్యి పోతదా?" అంది వదిన. "పోదు, వస్తది. మెల్లగ ఊపిరి వదులు" అన్నాను. పోయిన వాయువు తిరిగి చేరుతోంది, ఆమ్లం నిలదొక్కుకుంటోంది, కాల్షియం విడివడుతోంది అని నాలో నేను పాఠం అప్పజెప్పుకుంటుండగా, నా అరచేతిలో వదిన చిటికెన వేలు కదిలింది. ఆ కదలికకు సాటి వచ్చే సంతోషం తర్వాత ఏ పరీక్ష ఫలితమూ ఇవ్వలేదు.

నాలుగు చేతులూ విప్పి చూపిస్తూ బయటికి వచ్చాం. నాయనమ్మ కొడవలిని తొట్టిలో ముంచింది, చుయ్యిమంది. "గొంగడి కప్పితే ఏ గాలైనా దిగాల్సిందే" అని గెలుపు తన ఖాతాలో వేసుకుంది. బతికినంత కాలం ఆవిడ కాల్షియానికి పేరు రానివ్వలేదు, నేనూ పోట్లాట మానలేదు.

ఇప్పుడు మీట తిప్పితే పొయ్యి వెలుగుతుంది, ఎవరూ ఊదరు. మనవరాలు తన తిమ్మిరికి కారణం ఫోనులో చదివేసి, నేను చెప్పేలోపే కేకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆశ్చర్యపడడానికి దానికి వ్యవధి చాలలేదు.

వదిన చెయ్యి చివరిసారి పట్టుకున్నది పోయిన కార్తీకంలో. మణికట్టు తిప్పి చూశాను. నున్నగా ఉంది, మచ్చ లేదు.

పోయినవి: మట్టిపొయ్యి ఒకటి, ఊదుగొట్టం ఒకటి, పురుగు కొట్టిన గొంగడి ఒకటి. నాయనమ్మ, అమ్మ, వదిన.