కొట్టి చూసిన గచ్చు

ఎస్.ఆర్. నగర్ దగ్గర బస్సు ఆగిందంటే ఆగింది. కండక్టరు కిందికి దిగి ముందు ట్రాఫిక్‌ను తొంగిచూసి మళ్లీ ఎక్కాడు. కిటికీ పక్క సీట్లో కూర్చున్న హనుమాండ్లు మోకాలు పిసుక్కుంటున్నాడు. నలభై ఏళ్లుగా జనం ఇళ్లలో మోకాళ్ల మీద నడిచిన టైల్స్ మేస్త్రి ఆయన. రోజూ బోరబండలో బస్సెక్కి అమీర్‌పేటలో టైల్స్ దుకాణం ముందు అరుగు మీద కూర్చుంటాడు. పని వస్తే దుకాణంవాళ్లు పిలుస్తారు. ఈమధ్య పని కన్నా కూర్చోవడమే ఎక్కువైంది.

ఆగిన బస్సులోకి గోనెసంచి చుట్టిన బరువేదో ఎత్తి, దాని వెనకే తానూ ఎక్కి, వచ్చి పక్కన కూలబడ్డాడు లెవీ. అతనిదీ బోరబండే. హనుమాండ్లు గచ్చు వేసేవాడైతే లెవీ గచ్చు పగలగొట్టేవాడు. ఆ సంచిలో ఉన్నది బ్రేకర్ మిషను.

"ఏందన్నా, గిట్ల సన్నబడ్డవ్?"

"నాదేముంది గని, పొద్దుగాల్నే ఎవని కొంప కూల్చ బయల్దేరినవ్?"

"కొంప కాదే, గచ్చు. పంజాగుట్టల. మూడు వారాలు సుత కాలేదంట ఏసి. ఎక్కడ కొట్టినా డొల్లేనంట. గమ్ము పెట్టకుండ టైల్ పరిచి పోయిండంట ఎవడో లఫంగి."

"ఎవరింట్ల?"

"నర్సు పని చేసి రిటైరైందట, ఇవాంజెలిన్ మేడమ్. పార్కింగ్ మీది ఇల్లు."

హనుమాండ్లు మోకాలు పిసకడం ఆపాడు.

"నేనే ఏసిన తమ్మీ" అన్నాడు.

లెవీ నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, జర మాఫ్ చెయ్యన్నా. నాకేం ఎరుక? వాచ్‌మన్ ఫోన్ చేసిండు, వస్తున్న."

"పోదాం పా. నేనూ వస్త."

వేసిన గచ్చును నెల తిరక్కుండా పెకలించారంటే ఆ మాట దుకాణానికి మేస్త్రి కన్నా ముందే చేరుతుంది. ఆపైన అరుగు మీద కూర్చోనివ్వడమూ కష్టమే. అది ఒక ఎత్తు. తన జన్మలో అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని వేసిన గచ్చు మరొకటి లేదు, అది ఇంకో ఎత్తు.

ఆ ఇంట్లో గచ్చు అంతకుముందు రెండుసార్లు పగిలింది. ఈ ఊళ్లో వెనకటి ఇళ్లకు షాబాదు బండలుండేవి. బరువుకే నిలిచేవి, ఎవరి మాటా వినేవి కావు. తర్వాత మొజాయిక్ వచ్చింది, ఆ తర్వాత అద్దంలా మెరిసే పలచటి టైల్ వచ్చింది. టైల్ మొండిది, సాగదు. కింద స్లాబు మాత్రం ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, పార్కింగులోకి కారొస్తే వణుకుతుంది. ఎడ్డెమంటే తెడ్డెమనే ఇద్దరిని ఒకే తాడుతో కట్టినట్టు. చివరికి పగిలేది టైలే.

అందుకే ఈసారి దుకాణంవాళ్లు రెండింటి మధ్య పరచమని ఒక షీటు ఇచ్చారు. నారింజ రంగు ప్లాస్టిక్ చాప. పైన గడులు గడులుగా గుంటలు, వీపుకు నూగు గుడ్డ. దాన్ని గమ్ముతో స్లాబుకు అతికించి, గుంటలు నిండా గమ్ము మెత్తి, ఆ పైన టైల్ వెయ్యాలి. కింద స్లాబు కదిలితే ఆ కదలికను షీటు మింగేస్తుంది, పైన టైలుకు తెలియదు. మాసబ్ ట్యాంక్‌లో ఆఫీసుకు పోయే కూతురు యశస్విని దాని కాగితమంతా చదివి వినిపించింది. "గోడ పొంటి సందు వదలమంటుంది నాన్నా" అంటే ఆయన నవ్వాడు. సందు కనిపిస్తే పని నేర్పిన ఉస్తాదు వీపు మీద కొట్టిన రోజులు గుర్తొచ్చి. అయినా కాగితం చెప్పినట్టే చేశాడు. నాలుగు రోజుల పనికి తొమ్మిది రోజులు పట్టింది. అతికించిన టైలును రోజుకొకటి పచ్చిమీద లేపి, వీపు నిండా గమ్ము అంటిందో లేదో చూసుకుని మళ్లీ పెట్టాడు.

ఒక్క పొరపాటు చేశాడు. మనం దేన్నైనా కొట్టి చూసే నమ్ముతాం. కుండ, కొబ్బరికాయ, పుచ్చకాయ, ఆఖరికి డాక్టరు కూడా రోగి వీపు మీద కొట్టే చూస్తాడు. టైల్స్ మేస్త్రులకూ అదే శాస్త్రం. రూపాయి బిళ్లతో కొడితే గట్టిగా మోగాలి, డొల్లగా మోగిందంటే కింద గాలి ఉన్నట్టు. పని ఒప్పుకున్న రోజున అలవాటు కొద్దీ ఆ మాటే ఇవాంజెలిన్‌కు చెప్పాడు: "బిళ్ల పెట్టి కొట్టి చూడుండ్రి అమ్మా, డొల్ల పలికితే నన్నడుగుండ్రి." షీటు వేసిన గచ్చు మీద కొడితే ఎంత బాగా వేసినా కంబళి కప్పిన డప్పులా పలుకుతుందని పని సగమయ్యాక తెలిసింది. అప్పటికైనా చెప్పాల్సింది. నలభై ఏళ్ల శాస్త్రాన్ని తన నోటితోనే కాదనడానికి మొహం చెల్లలేదు.

తలుపు తీసిన ఇవాంజెలిన్ ఇద్దరినీ కలిపి చూసి తెల్లబోయింది.

"మీకు ఫోన్ చేద్దామనే అనుకున్నానండీ మేస్త్రి గారూ..." అని ఆగిపోయింది.

మాటను ఆమె అన్నయ్య జాన్‌బాబు అందుకున్నాడు. ఆదివారం ఇంట్లో ప్రార్థన కూటం జరిగినప్పుడు ఎవరి మడమకిందో తేడాగా మోగితే, బిళ్ల తీసి హాలంతా కొట్టి చూసింది ఆయనే.

"ఏంటి మేస్త్రీ, ఒక్క టైలైనా గట్టిగా పలకదేంటి? కొట్టి చూడమన్నది నువ్వే కదా!"

"నేనే అన్న సారు. గది మామూలు గచ్చు మాట. దీని కింద షీటున్నది. ఇది గిట్లనే పలుకుతది."

"గంటకో మాటా?"

హనుమాండ్లుకు కోపం రాలేదు. ఒకప్పుడు ఇంకో ఇంట్లో, ఇంకో మేస్త్రి వేసిన గచ్చును తాను ఇలాగే కొట్టి చూసి, డొల్ల అని తేల్చి, హాలు మొత్తం తీయించాడు. కింద నిజంగా గాలి ఉన్నదో లేదో వంగి చూసింది లేదు. ఆ మేస్త్రి పేరు కూడా అడగలేదు.

"ఒక్కటి తీసి చూడుండ్రి" అన్నాడు. "మీరు చూపించిందే తీస్తం. కింద గాలి కనబడితే మొత్తం తియ్యుండ్రి, నేనే తట్టలు మోస్త."

జాన్‌బాబు కిటికీ దగ్గరి టైలు చూపించాడు. లెవీ మిషను పెట్టాడు. డొల్ల గచ్చయితే రెండు దెబ్బలకు పెంకులా లేచొస్తుంది. ఇది రాలేదు. ప్రతి ముక్కా కింది షీటునూ పట్టుకునే లేచింది. వీపు నిండా గమ్ము, గుంటల్లో ఇడ్లీల్లా నిండిన గమ్ము.

"గింత గట్టిగ ఎందుకు పెట్టినవే అన్నా, నా చేతులు పోతున్నయ్" అన్నాడు లెవీ.

"ఇది ఒక్కటీ బాగుండొచ్చు" అన్నాడు జాన్‌బాబు. గడప దగ్గరిది తీయించాడు. అదీ అంతే. ఆయన చూపుడువేలు మూలకు తిరిగింది. "ఇప్పుడు అది."

"బాగలేనిది దొరికేదాక తీస్తరా సారు?" అన్నాడు హనుమాండ్లు. గొంతు పెంచలేదు. "నలభై ఏండ్ల చెయ్యి సారు, ఏడనో ఒక్కటి తక్కువ పడే ఉంటది. అది దొరికినంక మిగతావన్నీ చెడ్డయే అంటరు."

ఇవాంజెలిన్ టైళ్లు లేచిన రెండు గుంతలనూ చూసింది. లెవీ చేతిలోని ముక్కను తీసుకుని తిప్పి చూసింది. "చాల్లే అన్నయ్యా. ఇల్లు నాది. ఇంక ఒక్కటి కూడా తీయొద్దు." తర్వాత మేస్త్రి వైపు తిరిగి, "ఇవి మళ్లీ పెడతారా?" అంది.

మిగిలిన షీటు ముక్క, టైళ్లు అటక మీదే ఉన్నాయి. సగం సంచి గమ్ము ఉంది. హనుమాండ్లు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చిరిగిన షీటును నలుచదరంగా కోసి, కొత్త ముక్క అతికించి, గుంటలు నింపి, పళ్ల తాపీతో గమ్ము గీసి, టైలు దించాడు. రబ్బరు సుత్తి అందించబోయిన లెవీని వద్దని, అరచేతితోనే అదిమాడు. రెండోదీ పెట్టేసరికి మధ్యాహ్నం దాటింది.

"ఆరినాక కూడా ఇట్లాగే మోగుతుందా?" అడిగాడు జాన్‌బాబు.

"మోగుతది."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

జాన్‌బాబు కుర్చీలోంచి వంగి, కాలి దగ్గరి టైలును వేలి కణుపుతో కొట్టి, చెవి వంచాడు. ఆయన మొహంలోకి ఇవాంజెలిన్ చూసింది. గచ్చు నిలిచింది, ఇక దాన్ని పెకలించేవాళ్లు లేరు. కానీ ఈ ఇంట్లో ఎవరు నడిచినా ముందు చెవులే నడుస్తాయని హనుమాండ్లుకు తెలిసిపోయింది.

"టీ పెడతానుండండి" అని ఆమె వంటింట్లోకి వెళ్లింది. లెవీ మిషనును గోనెలో చుడుతున్నాడు. హనుమాండ్లు బాల్కనీలో బకెట్ నీళ్లతో తాపీ కడిగి, తువ్వాలుతో తుడిచి, సంచిలో వేసుకున్నాడు. గోడ పట్టుకుని లేచి, పచ్చి టైళ్లను తప్పించుకుంటూ గడప దాటాడు.

"మేస్త్రి గారూ, చక్కెర వెయ్యొచ్చా మీకు?" లోపలి నుంచి కేక వినిపించింది.

ఆయన అప్పటికే మెట్ల పక్క కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. వస్తానని ఎవరితోనూ అనలేదు. పార్కింగులో కార్ల మధ్య నుంచి నడిచి, ఎండలోకి, రోడ్డు మీదికి పోయాడు.