కత్తెర మామ, ఐదు కుండీలు

వీధి మొత్తానికి ఆయన కత్తెర మామ. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, దాన్ని ఎవరూ వాడగా వినలేదు. ముప్పై రెండేళ్ళుగా కటింగ్ షాపు. షాపులో రెండు కుర్చీలు. కిటికీ పక్కది ఆయనది, గోడ పక్కది కూతురిది. ఆయన పనికి ఒకటే సూత్రం: "తక్కువ తీస్తే మళ్ళీ తియ్యొచ్చు, ఎక్కువ తీస్తే అతికించలేం." ఇంటర్వ్యూకి వెళ్ళే కుర్రాళ్ళు "బాగా పొట్టిగా కొట్టెయ్ మామా" అని బతిమాలినా సరే, వేలెడు వదిలే కొట్టేవాడు. ఆ విషయంలో మహా మొండిఘటం.

అలాంటి మనిషి షాపు మెట్టు మీద, అదీ తానే కడిగిన మెట్టు మీద, జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాలకు కట్టు విప్పి, మణికట్టు తిప్పే వ్యాయామాలు డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పడేసి, ఈయన తిన్నగా కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. మొదటి తల చిన్ననాటి స్నేహితుడు పోస్ట్‌మాన్‌ది. ఒక పక్క అయింది. రెండో పక్క చెవి దగ్గరికి రాగానే మణికట్టు తిరగనంది, కత్తెర జారింది, చెవి తమ్మె మీద గాటు పడింది. పెద్ద గాయమేమీ కాదు, దూది పెడితే ఆగిపోయింది. కానీ తెల్లగుడ్డ మీద ఎర్రటి చుక్క చూసేసరికి కత్తెర మామ ప్రాణం ఉసూరుమంది. కత్తెర తుడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. మిగతా సగం తాను పూర్తి చేస్తానని కూతురు అంటే, పోస్ట్‌మాన్ వద్దని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నెల గడిచింది. ఒకరోజు భోజనం దగ్గర కూతురు మెల్లగా కదిపింది.

"నాన్నా, జనం నిలబడి నిలబడి వెళ్ళిపోతున్నారు. పనొచ్చిన మనిషి ఒకాయన దొరికాడు. ఇప్పుడున్న చోట వచ్చే నెలాఖరుదాకా చేస్తాడట. ఆ తర్వాత నీ కుర్చీలో పెట్టుకోనా?"

"పెట్టుకో," అన్నాడాయన పళ్ళెంలోకి చూస్తూ. అన్నాడే గానీ, కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఆయన భార్య ఆసుపత్రి క్యాంటీన్లో వంట చేస్తుంది. మొగుడి చెయ్యి కట్టులో ఉన్న రోజుల్లోనే అక్కడి తోటలోంచి చైవ్స్ పిలకలు తెచ్చి, పెరట్లో ఐదు కుండీల్లో నాటింది. చైవ్స్ అంటే ఉల్లికాడలకు చెల్లెళ్ళనుకోండి. గడ్డిపోచంత సన్నం, లోపల బోలు, ఘాటు తక్కువ. ఇప్పుడవి జానెడు పెరిగి గుబురుగా ఉన్నాయి.

"గోడకేసి చూస్తూ కూర్చునే బదులు అవి కాస్త కోసి పెట్టండి, ఆమ్లెట్లోకి," అందావిడ.

ఆయన జేబులోంచి కత్తెర తీశాడు. దాంతోపాటు దువ్వెన కూడా తీశాడు. ముప్పై రెండేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? ఒక్కో గుబురునీ దువ్వి, కొసలు మాత్రం సమానంగా కత్తిరించాడు. ఐదు కుండీలకూ కలిపి రెండు చెంచాలు వచ్చాయి. కుండీలు మాత్రం స్కూలు ఫొటోకి నిలబడ్డ పిల్లల్లా నీటుగా తయారయ్యాయి. వారం తిరిగేసరికి ఆ కొసలన్నీ గోధుమరంగుకి తిరిగి ఎండిపోయాయి.

ఆవిడ చూసి నెత్తి కొట్టుకుంది.

"ఇవి మొక్కలా, మీ గిరాకీలా? కొసలు కాదండీ, మొదలు దగ్గర కొయ్యాలి. మట్టికి రెండు వేళ్ళ ఎత్తు వదిలి మొత్తం తీసెయ్యండి."

"అంత కిందికా? చచ్చిపోతే?"

"చావదు. పెరుగుతుంది."

"ఎక్కువ తీస్తే అతికించ..."

"అతికించమని మిమ్మల్ని ఎవరడిగారు? పెరుగుతుందంటుంటే!"

ఆవిడ పనికి వెళ్ళాక ఆయన మొదటి కుండీ ముందు పీట వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. మట్టి దగ్గర కొయ్యాలంటే కత్తెర పడుకోబెట్టాలి, పడుకోబెట్టాలంటే మణికట్టు తిప్పాలి. డాక్టరు రాసిచ్చిందీ అదే. పళ్ళు బిగించి, గుప్పెడు కాడలు ఎడమచేత్తో పట్టుకుని కోశాడు. కుండీలో మోళ్ళు మిగిలాయి. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఐదో రోజుకి ఆ మోళ్ళలోంచి లేతాకుపచ్చ మొనలు పైకి లేచాయి. రెండు వారాలకు మళ్ళీ జానెడు, ముందరికంటే ఒత్తుగా. అప్పటికి ఆయన ఐదు కుండీలూ వరుసగా కోసేసి మొదటిదానికి తిరిగొచ్చాడు. కత్తెర జారడం లేదు. ఈ సంగతి కూతురికి చెబుదామని నోటిదాకా వచ్చింది, మింగేశాడు. చెయ్యి బాగుపడితే సరిపోదు కదా, గుండె కూడా కుదుటపడాలి.

నెలాఖరుకి ముందు రోజు పోస్ట్‌మాన్ పెరటి తలుపు తోసుకుని వచ్చి టోపీ తీశాడు. ఒక పక్క చెవి కప్పేసిన జుట్టు, ఇంకో పక్క అంతకంటే పొడుగు.

"ఏరా, ఆ అవతారమేంటి! వేరే షాపుకి పోవచ్చుగా?"

"పోను. ఇన్నేళ్ళూ నీ చేతిలో పెట్టిన తల ఇప్పుడు ఇంకొకడికి అప్పగించనా? ఆఫీసులో అందరూ నవ్వుతున్నారు. లే, పద."

"మళ్ళీ చెవి తెగితే?"

"రెండోది ఉందిగా!"

షాపులో కూతురు కొత్త మనిషి కోసం కిటికీ పక్క కుర్చీ తుడుస్తోంది. ఇద్దర్నీ చూసి తెల్లగుడ్డ దులిపి పోస్ట్‌మాన్ మెడకు కట్టింది. చెవి దగ్గర కత్తెర మామ చెయ్యి ఆగింది. అద్దంలోంచి కూతురు చూస్తోంది. ఆయన కత్తెర పడుకోబెట్టాడు. మణికట్టు తిరిగింది. ఒక చెవి బయటపడింది, తర్వాత రెండోది కూడా క్షేమంగా బయటపడింది.

పోస్ట్‌మాన్ అద్దంలో చూసుకుని, "వెనకాల ఇంకొంచెం పొట్టిగా..." అని నాలుక కరుచుకున్నాడు. ఆ షాపులో ఆ మాట చెల్లదని అతనికి తెలుసు.

కత్తెర మామ అతని మెడ మీద రెండు వేళ్ళు ఆనించి కొలిచాడు.

"తల వంచు. తీసేస్తాను," అన్నాడు. "పెరుగుతుందిలే."

కూతురు ఫోను తీసుకుని బయట మెట్టు మీదికి వెళ్ళింది. ఆమె మాటలు లోపలికి వినిపించాయి.

"ఆ కుర్చీ ఖాళీ లేదండీ. మూడోది వేసుకున్నాక చెబుతాను."