కొంగున తాళంచెవితో జూపార్కు

బోధన్ల రాకాసిపేట గల్లీకి వచ్చి గంగుబాయి ఇల్లేదని అడిగితే, "ఏ గంగుబాయి? జూపార్కు గంగుబాయా?" అని మల్ల అడుగుతుండె. అట్ల పడ్డది పేరు. అట్లని ఆమె జూపార్కుల నౌకరి చేసిందనుకునేరు, అదేం లేదు. ఆమె అక్కడికి పోయింది ఒక్కటంటే ఒక్కసారి, ఎనభై అయిదుల, లగ్గమైన కొత్తల. మొగుడు లింబయ్య చక్కెర ఫ్యాక్టరీల సీజన్ పని చేస్తుండె. సీజన్ బందైనంక పెండ్లాన్ని రైలెక్కిచ్చి పట్నం తీస్కపోయిండు, పొద్దుందాక జూపార్కు తిప్పిండు, మల్ల తెచ్చి ఇంట్ల పడేసిండు. ఆ ఒక్క దినం ముచ్చటను పదహారేండ్లు నడిపిచ్చింది మహాతల్లి.

ఎక్కడ నడిపిచ్చిందంటే బీడీల కార్ఖానల. నలభై మంది ఆడోళ్లు గోడకు ఆనుకొని వరుసగ కూసుంటరు, ఒళ్లె చాట పెట్టుకొని. తునికాకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు. చేతులకైతే పనున్నది, చెవులకేం పని? గంగుబాయి షురు చేస్తుండె. ఏనుగు ఎట్ల తానం చేసింది, కోతి ఎవని టోపీ గుంజుకున్నది, పులి తన దిక్కే ఎట్ల చూసింది. మొదటేడు ఆ పులి ఉత్తగ ఆవలిచ్చింది. తర్వాతేడు గాండ్రిచ్చింది. సత్తవ్వ కొత్త కోడలిగ వచ్చి ఆమె పక్కన కూసునే యాల్లకు పులి లింబయ్య మీదికి దుంకనే దుంకింది.

"పోయినేడు దుంకలే గద అక్కా?" అని సత్తవ్వ పట్టుకుంటుండె.

"పోయినేడు నువ్వు సరిగ ఇనలే. బీడీ మీద ధ్యానం పెట్టు, మూతి మడత సక్కగ రాలే" అని గంగుబాయి గద్దరిస్తుండె. కార్ఖానంత నవ్వుడే నవ్వుడు.

ఆ కార్ఖానకు సేటు నాందేడ్ దిక్కు ఉంటడు. ఎప్పుడన్న కార్ల వచ్చి, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకొని చూసి పోతడు. అన్నీ చూసుకునేది మున్షీ ఆత్మారాం. ఆకు తూచి ఇచ్చేది ఆయనే, చుట్టిన బీడీలు చూసి పాడుయి ఏరి పారేసేది ఆయనే. ఆడోళ్లకు ఆయనంటే హడల్. గంగుబాయికి మాత్రం అన్న.

తోడబుట్టిన అన్న గాదు. గంగుబాయి తల్లిగారిది కందకుర్తి. ఆమె ఒక్కతే బిడ్డ. అవ్వ, బాపు ఒకరెనక ఒకరు పోయినంక ఆ ఇంటికి తాళం పడ్డది. మన దిక్కు ఆడిబిడ్డకు తల్లిగారు ఒడిబియ్యం పొయ్యాలె గద. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు, రైకగుడ్డ ఒళ్లె పోసి, నీ ఎనక మేమున్నం బిడ్డా అని జెప్పుడన్నట్టు. ఓ యేడు కార్ఖానల ఆడోళ్లందరు తల్లిగారిండ్లకు పోయి ఒడి నింపుకొని, కొత్త చీరెలు కట్టుకొని వస్తుంటే గంగుబాయి చాట మీదికి వంగి ఏడ్చింది. ఏమైందంటే తంబాకు ఘాటు అన్నది. ఇన్నేండ్ల సంది తంబాకుల కూసున్నదానికి ఆ దినమే ఘాటు పట్టిందా?

ఆత్మారాం చూసిండు. ఆ ఐతారమే పెండ్లాం వసంతమ్మను తోల్కొని ఇంటికొచ్చి, గంగుబాయిని పీట మీద కూసోబెట్టి, వసంతమ్మ చేతులతోని ఒడి నింపిచ్చిండు. "ఇగ మా చెల్లెకు ఎనక ఎవ్వరు లేరని ఎవ్వరనొద్దు" అన్నడు. ఆ మాటకు గంగుబాయి పానం పెట్టింది. అప్పటి సంది మూడేండ్లకోసారి వాళ్లు పోసుడు, ఈమె ఆ బియ్యం వండి గల్లీల ఐదిండ్లకు పంచుడు. అన్న అంటే అన్ననే.

రెండువేల ఒకటిల ఓ పుకారు లేసింది. సేటు కార్ఖాన ఎత్తేసి సాలూర నాకా అవతల మహారాష్ట్రల పెడుతడట, అక్కడ కూలికి తక్కువనట. ఆడోళ్ల గుండెల రాయి పడ్డది. లింబయ్య మోకాళ్లు పోయి ఇంట్లనే కూసున్నడు. చెరుకు పని గూడ ఎనకటి లెక్క లేదు. కార్ఖాన పోతే ఏం తినాలె? మన్ను తినాల్నా? అందరు ఒక మాట మీదికొచ్చి, వంతులేసుకొని తలుపు కాడ కాపల కూసున్నరు. ఓ దినం ఖాళీ లారీ వచ్చి ఆగితే నలభై మంది సడక్ మీద అడ్డం కూసున్నరు. డ్రైవరు మొఖం మాడ్సుకొని ఎనకకు తిప్పుకొని పోయిండు. ఆకు బస్తా ఒక్కటి బయటికి పోలే.

ఇగో, అప్పుడొచ్చిండు ఆత్మారాం.

"చెల్లె, సేటుకు బుద్ధొచ్చింది. ఏడికి పోతలేడు. ఆడోళ్ల మనసు కష్టపెట్టిన అని, మీ అందర్ని పట్నం పంపుతడట. జూపార్కు సూసుడు, కొత్తగ వచ్చిన నీళ్ల పార్కు సూసుడు. బస్సు, బువ్వ అంత సేటుదే. పొద్దుగాల పోయి రాత్రికి వస్తం."

"నిజమేనా అన్నా?"

"నీతోని అబద్ధమాడుతనా?"

గంగుబాయి మొఖం వెలిగిపోయింది. పదహారేండ్ల సంది నోటితోని తిరుగుతున్న జూపార్కు, మల్ల కాళ్లతోని తిరగొచ్చు. సత్తవ్వకు ఆ పులిని చూపెట్టొచ్చు. కని సత్తవ్వ మూతి తిప్పింది.

"మన ఇండ్లల్ల పెండ్లయితే రైకగుడ్డ పెట్టని సేటు, పట్నం సూపిస్తడా? నాకు నమ్మబుద్ధి ఐతలేదు అక్కా."

గంగుబాయికి కోపం నెత్తికెక్కింది. "సేటును ఎవ్వరు నమ్మమన్నరే? మా అన్నను నమ్ము. నా ఒడి నింపినోడు నా నోట్ల మన్ను కొడుతడా? ఏమన్నైతే నన్నడుగుండ్రి. నా మీద పెట్టుకొని రాండ్రి."

అట్ల ఒక్కొక్క ఇల్లు తిరిగి, ఒక్కొక్కదాన్ని బతిలాడి, మొగోళ్లకు సముదాయిచ్చి, అందర్ని ఒప్పిచ్చింది.

సోమారం తెల్లారకముందే బస్సు వచ్చి కార్ఖాన ముందల ఆగింది. ఆత్మారాం అందరు చూస్తుండంగ తలుపుకు పెద్ద తాళమేసిండు. తాళంచెవి తీసి గంగుబాయి చేతుల పెట్టిండు. "నీ కొంగుకు కట్టుకో. మీ చాటలు గోడ మొలలకే ఉండనియ్యుండ్రి. ఇగ ఏం ఫికర్?" అన్నడు.

ఆ మాటతోని సత్తవ్వ గూడ చల్లబడ్డది. ఎందుకంటే ఆ కార్ఖానల ఓ రివాజు ఉండె. ఎవలి మొల వాళ్లదే, ఎవలి జాగ వాళ్లదే. పని మానేసిన మనిషే చాట దించుకపోతది. చాట మొలకు ఉన్నదంటే నౌకరి ఉన్నట్టు. పిచ్చి తల్లులు, ఆ మొలను నమ్మిండ్రు.

ముసలి భూమవ్వ మాత్రం బస్సెక్కలే. "నాకు తిప్పుతది. మీరు పోండ్రి బిడ్డా, నేను కాపలుంట" అని మంచం తెప్పిచ్చుకొని తలుపుకు అడ్డం వేసుకొని కూసున్నది. చెవులు సరిగ ఇనపడయి గని మనిషి గట్టిది.

బస్సుల పాటలే పాటలు. మేడ్చల్ దాటేదాక ఒక్కరి నోరు మూతపడలే. తీరా జూపార్కు ముందల దిగితే ఏమున్నది? గేటు బందు. కాపలాయన కట్టె ఊపుకుంట, "సోమారం సెలవు అమ్మా. ఎప్పటి సంది గిదే రివాజు" అన్నడు.

"ఓ జూపార్కు గంగుబాయీ! నీ పులికి గూడ సెలవుంటదని జెప్పకపోతివి?" అని ఒకామె అన్నది. అందరు పొట్టలు పట్టుకొని నవ్విండ్రు. గంగుబాయికి సిగ్గైంది. తను పోయింది ఐతారం, తనకేం ఎర్క? ఆత్మారాం నెత్తి కొట్టుకున్నడు. "అయ్యో, నాకు యాదికే లేకపాయె చెల్లె. ముందుగాల నీళ్ల పార్కు చూద్దాం."

నీళ్ల పార్కుల ఇగ ఆడోళ్ల సంబురం చెప్పతరం గాదు. మిషన్ తోని అలలు వస్తయి. చీరెలు దోపుకొని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని దిగిండ్రు. అల వచ్చినప్పుడల్ల కేకలే. సత్తవ్వ జారే బండ మీదికెళ్లి జర్రున జారి నీళ్లల్ల పడి, ముక్కుల నీళ్లు పోయి, లేసి మల్ల ఎక్కింది. చిన్నప్పటి సంది వంగి కూసున్న నడుములు ఆ దినం సాగినయి. గంగుబాయి నీళ్లల్ల నిలబడి కొంగు ముడి తడిమి చూసుకున్నది. తాళంచెవి ఉన్నది.

పొద్దుగూకంగ ఆత్మారాం అన్నడు, "ఇంత దూరం వచ్చి జూపార్కు చూడకుంట పోతమా? ఈ రాత్రి ఇక్కడనే పందాం. జాగ ఏడన్న దొరుకుతదేమో చూసొస్త." కొంచెం సేపట్ల తిరిగొచ్చి, ఫంక్షన్ హాలు దొరికిందని తీస్కపోయిండు. జంపఖానాలు పరిచి ఉన్నయి. గుండిగల నిండ బువ్వ, పప్పు, పొగలు కక్కుకుంట. అప్పుడే దొరికిన జాగల నలభై మందికి బువ్వ ఎప్పుడు వండిండ్రు అని గంగుబాయికి మనసుల ఓ ముల్లు గుచ్చుకున్నది. గంతట్ల ఆత్మారాం వచ్చి ఆమె ఇస్తార్ల తన చేతులతోని నెయ్యి పోసిండు. "తిను చెల్లె, అలిసిపోయినవు" అన్నడు. ఆ ముల్లును మింగేసింది.

మంగళారం జూపార్కు గేటు తీసిండ్రు. గంగుబాయి ముందల, అందరు ఎనక. ఏనుగుండాల్సిన కాడ జింకలున్నయి, కోతులుండాల్సిన కాడ ఉత్త చెట్లున్నయి. "అక్కా, నువ్వు నిజంగ వచ్చినవా?" అని ఏడిపిచ్చిండ్రు. పులి కాడికి పోతే అది ఈపు ఇటు పెట్టి పండుకున్నది. ఎంత పిలిచినా తల తిప్పలే.

"గిదేనా మీ ఆయన మీదికి దుంకింది?" అన్నది సత్తవ్వ.

"గిది దాని మనుమడై ఉంటడు" అన్నది గంగుబాయి. నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లొచ్చినయి అందరికి. ఆమె బతుకుల అంత నవ్వుడు అదే ఆఖరు.

ఆత్మారాం చిన్న రైలుకు టికెట్లు తెస్తనని పోయిండు. రాలే. రైలు పోయింది, వచ్చింది, మల్ల పోయింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. సత్తవ్వ పోయి బస్సు డ్రైవరును అడిగింది. "మున్షీ సాబా? సంచి తీస్కొని నాందేడ్ బస్సెక్కిండు గద. మిమ్మల్ని పొద్దుగూకినంక బోధన్ల దింపమన్నడు" అన్నడు ఆయన.

గంగుబాయికి ఒక్కొక్కటి అర్థమైంది. సోమారం సెలవని ఆయనకు ఎర్కనే. బువ్వ ముందే చెప్పి వండిపిచ్చిందే. ఒక దినం చాలదు, రెండు దినాలు కావాలె వాళ్లకు. ఎందుకు కావాలె? చెయ్యి కొంగు మీదికి పోయింది. తాళంచెవి ఉన్నది. తాళంచెవి ఉన్నది గద, ఏం కాదు, ఏం కాదు అని బస్సుల తొవ్వ పొడుగున గొనుగుకుంటనే ఉన్నది. ఒక్కరు గూడ పాట పాడలే.

బోధన్ చేరే యాల్లకు మసక పడుతున్నది. భూమవ్వ మంచం మీద అట్లనే కూసొని ఉన్నది. తలుపుకు తాళం ఏసినట్టే ఉన్నది. పానం లేసొచ్చింది అందరికి.

"ఎవ్వరన్న వచ్చిండ్రా అవ్వా?" అని గంగుబాయి చెవుల ఒర్రింది.

"ఈగను గూడ రానియ్యలే బిడ్డా. రెప్ప మలపలే" అన్నది ముసల్ది, గర్వంగ.

గంగుబాయి ముడి ఇప్పి తాళం తీసి తలుపు నూకింది. లోపల ఎలుగున్నది. ఎనక గోడ ఇటుకలు లారీ పట్టేటంత తీసేసి ఉన్నయి. అవతల చెరుకు చేను కనవడుతున్నది. ఆకు లేదు, తంబాకు లేదు, తూచే కాంటా లేదు, ఆఖరికి కరెంటు బుగ్గ గూడ లేదు. గోడకు మొలలున్నయి. మొలలకు చాటలు వరుసగ ఉన్నయి. ఒక్కదాన్ని ముట్టలే పుణ్యాత్ములు.

ఒక్క చాట మాత్రం మొలకు లేదు. గంగుబాయి కూసునే జాగల కింద పెట్టి ఉన్నది. దాంట్ల పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు, మీద ఎర్ర రైకగుడ్డ.

ఒడిబియ్యం.

ఎవ్వరు తిట్టలే. తిట్టినా బాగుండు. అందరు ఆ బియ్యాన్ని చూసిండ్రు, గంగుబాయి చేతుల ఉన్న తాళంచెవిని చూసిండ్రు. సత్తవ్వ మొఖం పక్కకు తిప్పుకొని తన చాట దించుకున్నది. ఒకరెనక ఒకరు దించుకున్నరు, చప్పుడు లేకుంట బయటికి నడిచిండ్రు. "సత్తవ్వా, నా బిడ్డ మీద ఒట్టు" అని గంగుబాయి ఆమె చెయ్యి పట్టుకున్నది. సత్తవ్వ చెయ్యి గుంజుకోలే. ఇడిచేదాక ఆగి పోయింది.

భూమవ్వ ఒక్కతే మిగిలింది. గోడ పట్టుకొని నిలబడ్డది. ఆమె అడిగింది కోపంతోని గాదు.

"తాళంచెవి నీ కాడనే ఉండె. ఒడి గూడ నీకే నింపిండ్రు. నన్నెందుకు కూసోనిస్తివి బిడ్డా రెండొద్దులు?"

గంగుబాయి చాట దిక్కు వంగి ఆగింది. ఒడిబియ్యం పారెయ్యరాదు, కాలుతోని తన్నరాదు. ఆ చాట అట్లనే ఇడిచిపెట్టి వచ్చింది.

తర్వాత గంగుబాయి ఆచన్‌పల్లిల ఇంకో కార్ఖాన బీడీలు ఇంట్లనే కూసొని చుట్టింది, ఒక్కతే. ఆత్మారాం మల్ల కనవడలే. వసంతమ్మ ఓసారి బస్టాండ్ల ఎదురై "వదినా" అంటే, గంగుబాయి ఇనపడనట్టు పోయింది. గల్లీల ఎవలింట్ల ఒడిబియ్యమైనా ఆ దినం ఆమె తలుపు పెట్టుకుంటుండె.

ఇరవై ఏండ్లు గడిచినంక ఓ దినం బిడ్డ కూతురు బడినుంచి ఉరికొచ్చి ఒళ్లె కూసున్నది. బడోళ్లు పట్నం తీస్కపోతరట. "అమ్మమ్మా, నిన్ను జూపార్కు గంగుబాయి అంటరట గద. పులి ఎట్లుంటదే?" అని అడిగింది.

గంగుబాయి పిల్ల నెత్తి నిమిరింది. "ఎవ్వరు జెప్పిండ్రు? నేనెన్నడు పోలే బిడ్డా" అన్నది.