తప్పు తరఫున మాట్లాడించిన మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు తగరపువలస నుంచి రోజూ కోచింగుకు వచ్చే అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "అక్కా, మాస్టారు లేరంట. పొద్దున్న గుండెనొప్పొచ్చిందంట," అంది. కాసేపు ఇద్దరం ఏడ్చాం. తరువాత ముక్కు చీదుకుని, "మరి ఆదివారం బ్యాంకు పరీక్ష కదక్కా. ఆకరి కిలాసు మీరు సెప్తారా?" అని అడిగింది. ఏడుస్తున్నదాన్ని ఏడుపు మరిచిపోయాను. అంత భయం వేసింది.

కూర్మన్నపాలెం కూడలిలో, మందుల షాపు మీది గదిలో ఆయన ఇంగ్లీషు చెప్పేవారు. వాక్యంలో తప్పు పట్టుకుని సరిదిద్దడం ఒక్కటే ఆయన పాఠం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది స్టీల్‌ప్లాంటు కార్మికుల పిల్లలు. నేను మొదట అక్కడి విద్యార్థిని. తరువాత వెనక కుర్చీలో కూర్చుని జవాబు కాగితాలు దిద్దేదాన్ని. కాగితాలు ఎదురు ప్రశ్న వేయవు.

నేను చదివింది కాన్వెంటులో. అక్కడ ఇంగ్లీషు తప్పుగా మాట్లాడితే క్లాసంతా నవ్వేది. అందుకని మాట్లాడటం మానేసి పుస్తకాలు చదువుకున్నాను. ఏ వాక్యం సరైనదో చెవి చెప్పేసేది. ఎందుకని అడిగితే మాత్రం పుస్తకంలో తల దూర్చేదాన్ని.

మాస్టారు మొదటి రోజే అడిగారు. 'ది బాస్కెట్ ఆఫ్ మ్యాంగోస్' అని బోర్డు మీద రాసి, తరువాత 'ఈజ్' రావాలా, 'ఆర్' రావాలా అన్నారు. 'ఈజ్' అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"ఎందుకమ్మా?"

తల దించుకున్నాను.

"సరే, అలగైతే 'ఆర్' తరఫున మాటాడు. తప్పుకీ ఓ వకీలుండాల. విచారణ లేకుండా ఉరి తీసీకూడదు," అన్నారు.

అందరూ నవ్వారు. ఆ నవ్వు నా మీద కాదని తెలియడానికి కొంచెం సేపు పట్టింది. లేచి, "పళ్లు చాలా ఉన్నాయి కదండీ. పైగా క్రియ పక్కనే ఉన్నాయి," అన్నాను. తప్పు పక్షానే నిలబెట్టాక తప్పు చెబుతానేమోనన్న దిగులు ఇంకెక్కడిది?

"సూసేరా, అందరం పడేది ఆ గోతిలోనే," అన్నారు మాస్టారు. "మనం మామిడిపళ్ల బుట్ట అంటాం. బుట్ట సివరనుంటాది, క్రియని ఆనుకుని. ఇంగ్లీషోడు బుట్టని ముందెట్టి, పళ్లు మధ్యలో పోసేస్తాడు. పక్కనున్నోడే యజమాని అనుకున్నావా, మోసపోతావు."

'ప్రిఫర్' పక్కన 'టు' ఎందుకు, 'దేన్' ఎందుకు కాదు అని ఎవరైనా పట్టుబడితే, "అది అత్తారిల్లు లాంటిది. అక్కడి వాడుక అక్కడిది. ముందు అలవాటు సేసుకో, తగువు తరవాత పడుదువు గాని," అనేవారు.

రోడ్డు మీద నడుస్తూ దుకాణాల బోర్డుల మీది ఇంగ్లీషును దిద్దుకునేవారు. పెదాలు మాత్రం కదిలేవి. టీ కొట్టు ఆయన, "ఏటి బావా, జపమా?" అంటే, "అవును బావా, పాపాలెక్కువైపోనాయి," అన్నారట.

మాస్టారి భార్య గది తాళంచెవి నాకు పంపించారు. ఇక రానని అనలేకపోయాను. శనివారం వెళ్లి గది తలుపు తీశాను. ఆయన కుర్చీని ఎవరూ కదపలేదు. నేనూ ముట్టుకోలేదు. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్' అని మొదలయ్యే వాక్యం రాసి, క్రియ చోట ఖాళీ వదిలి, బోర్డునే చూస్తూ నిలబడిపోయాను. చెప్పాల్సిందంతా ఎటో పోయింది.

వెనక నుంచి తగరపువలస అమ్మాయి గొంతు వినిపించింది. "అక్కా, ఇటు తిరగండి. రేపు పరీక్ష బోర్డుకి కాదు, మాకు."

తిరిగాను. ఎవరూ నవ్వడం లేదు. ముందు వరుసలో ఒకామె పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. అంత మాటన్న పిల్లా గోళ్లు కొరుక్కుంటోంది. ఆ గదిలో భయం నా ఒక్కదానిదే కాదు.

"ఎవరి గురించి చెబుతున్నారో ముందు వెతుకుదాం," అన్నాను. కొందరు 'హేవ్' అన్నారు, కొందరు 'హేజ్' అన్నారు. ఒక్కరి గురించే కాబట్టి 'హేజ్' అని చెప్పాను.

"మరి ఫ్రెండ్సందరూ ఏటైపోవాలక్కా?"

"వాళ్లు తోడొచ్చారు, అంతే."

ఎవరో నవ్వారు. తరువాత ఒకరి మాట మీద ఒకరు పడి వాదించుకోవడం మొదలుపెట్టారు. నేను బోర్డు నింపాను, తుడిచాను, మళ్లీ నింపాను. టైము దాటిందని ఎవరూ అనలేదు.

వాళ్లు వెళ్లాక కిటికీ దగ్గర నిలబడ్డాను. రేపు వీళ్లకు ఏమవుతుందోనన్న భయం ఇంకా పోలేదు. మెట్ల మీద మొదలైన వాదన కింద బస్‌స్టాపులో కూడా ఆగలేదు. బస్సు వచ్చింది, ఎక్కారు. బస్సు కదిలాక కూడా తగరపువలస అమ్మాయి వెనక సీటు వైపు తిరిగి, గాలిలో వేలితో ఏదో గీత గీసి చూపిస్తూనే ఉంది.