రెండో పక్క చివరి పాట

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన మా ఊళ్లో, ఒర్లియంపేటలో, మా ఎదురింటి మామ ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను తీసుకుంటున్న మనిషి. ఒకరోజు ఆయన తనంతట తానే వచ్చి ఒక క్యాసెట్ చేతిలో పెడితే, మంచిదైతే నాకెందుకిస్తాడు అనుకున్నాను.

"జమైకా పాటగాడురా. రెగే అంటారు. గిటారు వాయించేవాడివి గదా, విను," అన్నాడు.

విన్నాను. గిటారు దెబ్బ పడాల్సిన చోట పడటం లేదు. తాళం వేసే చెయ్యి తొడ మీద దిగినప్పుడు ఏమీ లేదు, పైకి లేచాక చటుక్కున ఒక దెబ్బ. టేప్ రికార్డర్ బెల్టు జారుతోందేమోనని రిపేరు షాపుకు మోసుకెళ్లాను. బాగానే ఉందన్నాడు. వాణ్ణీ నమ్మలేదు. వారం రోజులు వింటే గాని తాళం తప్పుతున్నది నేనని తెలియలేదు. పెళ్లిళ్లలో వాయించే మా ఆర్కెస్ట్రాలో గిటారు పనల్లా సందు దొరికిన చోటల్లా నింపడమే. ఎక్కడ చెయ్యి ఆపాలో ఆ ముఖం తెలియని పాటగాడు నేర్పాడు. ఎవరినీ తొందరగా నమ్మని నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది.

నా చెయ్యి మీద మాత్రం నమ్మకం కుదరలేదు. నా వాయింపు నేను వినాలి, ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదు. మామ ఇచ్చిన క్యాసెట్ అంచున, పాట చెరిగిపోకుండా ఉంచే గుంటలో కాగితం ముక్క కుక్కి, రెండో పక్క చివరి పాట చెరిపేసి నా గిటారు రికార్డు చేసుకున్నాను. ఆర్కెస్ట్రాలో అందరం చేసే పనే. ఆ తర్వాత వీధిలో మామ కనిపిస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ణి.

ఎనభైల మొదట్లో, ఒక వేసవి మధ్యాహ్నం, ఆయనే వచ్చాడు.

"నీ పాటగాడు చచ్చిపోయినాడురా. పారిసులో ఉండే నా జతగాడు జాబు రాసినాడు."

క్యాసెట్ వెనక్కి తీసుకోవడానికి ఎత్తు వేశాడనుకున్నాను.

"ఆ జాబు యాడుంది మామా?" అని అడిగేశాను కూడా.

అప్పుడు ఆయన్ని సరిగ్గా చూశాను. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, భుజాన తడి తుండు. దూరాన ఉన్న చుట్టం పోయాడని కబురు వస్తే మా ఇళ్లలో చేసే తలస్నానం చేసి వచ్చాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"నా టేప్ మిషన్ పాడయ్యి ఏడాదయింది. లేకుంటే నీకెందుకిస్తా? రెండో పక్క కడాసి పాట ఒకసారి వెయ్యి, విని పోతా."

వేశాను. పాటగాడి గొంతు రాలేదు. నా గిటారు ఒక్కటే, తడబడుతూ. మామ కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ చివరిదాకా విన్నాడు. క్యాసెట్ అడగలేదు. గుమ్మం దగ్గర ఆగి, "బాగుండాదిరా," అన్నాడు.

ఆ తర్వాత ఎన్నో పెళ్లిళ్లలో వాయించాను. బాగుందన్నవాళ్లు చాలామంది. ఎవరినీ నమ్మలేదు, నమ్మకపోయినా నిద్ర పట్టింది. మామ అన్న ఆ ఒక్క మాటను నమ్మాలని ఈనాటికీ ఉంది. ఆయన తల తడి ఆరకముందే అన్న మాట అది. అయినా నమ్మలేకపోతున్నాను.