నా చేతి మీది ‘ర’

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు గుంటూరు నుంచి వచ్చి, కుడిచేత్తో గోంగూర అన్నం కలుపుకుంటూ ఎడంచేత్తో ఫోను నా ముందుకు తోసింది. టాటూ వేయించుకుంటుందట, డిజైను నన్ను ఎంచమంటుంది. “అమ్మని అడిగితే తిడుతుంది, నాన్నని అడిగితే అమ్మని అడగమంటాడు. ఇంట్లో టాటూ ఉన్నది నీకొక్కదానికే కదత్తా” అంది. ఉద్యోగమంతా పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. నాకు ఇంకో విద్య కూడా తెలుసని గుర్తించిన మొదటి మనిషి ఇదే కదా అని, కళ్లజోడు వెతికి తెచ్చుకుని శ్రద్ధగా చూశాను. ఒక ఈక, ఈక చివర్నించి ఎగిరిపోతున్న పిట్టలు, ఆసుపత్రి మిషన్లో గుండె కొట్టుకునే గీత, ఏదో భాషలో ఒక వాక్యం. దీనర్థం ఏంటే అంటే, “తెలీదత్తా, కానీ అక్షరాలు బాగున్నాయిగా” అంది.

నేను ఏదీ ఎంచకపోయేసరికి, పాతకాలపు మనిషిని పాతకాలంతోనే ఒప్పించాలనుకుందో ఏమో, ఫోనులో ఇంకోటి తీసి చదవడం మొదలుపెట్టింది. ఎక్కడో మంచుకొండల్లో ఐదువేల ఏళ్లకు పైగా గడ్డకట్టుకుపోయి ఉన్న మనిషొకడు దొరికాడట. నడుం మీదా మోకాళ్ల దగ్గరా గీతలు గీతలుగా పచ్చబొట్లున్నాయట. నొప్పులకు వైద్యంగా పొడిపించుకుని ఉంటాడని కొందరు పండితులు అనుకుంటున్నారట. ఈజిప్టులో పాతిపెట్టిన ఆడవాళ్ల ఒంటి మీద కూడా చుక్కల వరసలు చెక్కుచెదరకుండా ఉన్నాయట. “మోకాళ్ల నొప్పులకైతే నేను కూడా వస్తా, పద” అన్నాను. అది నవ్వి, నా ఎడమ మణికట్టు పట్టుకుని తిప్పింది. “ఇదేంటత్తా, సున్నానా?” అంది. సున్నా కాదు, ‘ర’. తలకట్టు చెదిరిపోయి అలా కనపడుతుంది. “ర అంటే ఎవరు?” అంది. “కాఫీ తాగుతావా?” అన్నాను. అది కళ్లు చికిలించి మళ్లీ నవ్వింది. ఆ నవ్వు నాకు కొత్తేం కాదు. ఈ అక్షరం చూసినవాళ్లలో చాలామంది అలాగే నవ్వారు, మా నాన్న మాత్రం నవ్వలేదు.

మా ఊరు అద్దంకి వెళ్లే దారిలో ఉంటుంది. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప, మధ్యలో బస్సు లేపే దుమ్ము. నాన్న ఊళ్లో మిషను బళ్లో మాస్టారు, చర్చిలో సంఘపెద్ద. మెత్తటి మనిషి. పిల్లల్ని కొట్టడం ఎరగడు. కానీ దేవుడిచ్చిన ఒంటి మీద సూదులతో రాయించుకోవడం మహాపాపం అని ఆయన గట్టి నమ్మకం. ఆదివారం ప్రసంగంలో ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన మొదటి వరసలోంచి తలాడిస్తుంటే, ఆడవాళ్ల వైపు కూర్చున్న ఆయన కన్నతల్లి, అంటే మా నాయనమ్మ, రెండు చేతులూ కొంగు కింద దాచుకునేది. మోచేతుల దాకా పచ్చబొట్లే ఆవిడకి. తేలు, తులసికోట, జంట పావురాలు, చుక్కల ముగ్గు. మతం పుచ్చుకోకముందు పొడిపించుకున్నవి. తులసికోటని ఏం చేస్తావే అని పాస్టరమ్మ అడిగితే, “కోట నాది, లోపల ఎవరుంటే ఏం?” అందట. ఇంకో మాట కూడా అనేది. పోయేనాడు చెవుల్లో కమ్మలూ ఒంటి మీద చీరా ఇక్కడే వొలిచేసుకుంటారు, ఈ పచ్చ మాత్రం నాతో వస్తుంది అని. మంచుకొండల మనిషి సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు గానీ, చెప్పినా పెద్దగా ఆశ్చర్యపోయేది కాదు.

ఇక ఈ ‘ర’ ఎవరంటే, నా స్నేహితురాలు. ఊళ్లో అందరికంటే ఎక్కువ మిరప వేసే రైతు కూతురు. వాళ్లది ఊరు, మాది ఊరి బయటి పల్లె. మధ్యలో ఒక రోడ్డే అయినా, ఆ రోడ్డు దాటి మా అరుగు మీదకొచ్చి కూర్చున్న ఆ ఇంటి పిల్ల అదొక్కతే. లెక్కలు చెప్పించుకునే వంకతో వచ్చి, మా నాయనమ్మ వేయించే వేరుశనక్కాయలు తిని పోయేది. ఇంటర్ చదవడానికి ఇద్దరం రోజూ చీరాల బస్సెక్కేవాళ్లం. కిటికీ పక్క సీటు పొద్దున దానిది, సాయంత్రం నాది. ఇద్దరం టీచర్ ట్రైనింగుకి వెళ్లాలి, ఒకే బళ్లో పని చేయాలి, ఒకే ఇంట్లో చెరో గది తీసుకోవాలి అని మా ఏర్పాటు. పచ్చబొట్టు ఆలోచన కూడా దానిదే.

చీరాల బస్టాండు వెనక సందులో, గాజుల కొట్టు పక్కన, పచ్చబొట్లు పొడిచే ఆవిడ చాప వేసుకుని కూర్చునేది. డిజైన్ల పుస్తకం లాంటిదేమీ లేదు. ఏం కావాలంటే, తన చెయ్యే చాపి చూపించేది. భుజం దాకా ఖాళీ లేదు. మేం ఎంతసేపు ఎంచామో! మల్లెమొగ్గ వద్దు, అందరికీ ఉంది. తేలంటే భయం. నేను చర్చి పిల్లనని పోల్చుకుని ఆవిడ, “సిలువ పొడవనా అమ్మాయ్? మీ నాన్న ఏమనడు” అంది. నాకు నిజంగానే అదే నయమనిపించింది. నా స్నేహితురాలు అడ్డం వచ్చింది. “దేవుడు ఎటూ నీతోనే ఉంటాడు. నేనే ఉంటానో లేదో. నా పేరు పొడిపించుకో, నీ పేరు నేను పొడిపించుకుంటా” అంది. పేరంతా అయితే చేయంతా పాకుతుందని మొదటి అక్షరం చాలనుకున్నాం. ముందు నేను కూర్చున్నాను. మూడు సూదులు కలిపి దారంతో కట్టి, ఆకుపసరు కలిపిన మసిలో ముంచి, ఆవిడ ఏదో పాట సన్నగా పాడుతూ పొడవడం మొదలుపెట్టింది. పాట నొప్పి తెలియకుండా ఉండటానికట. పాటా తెలిసింది, నొప్పీ తెలిసింది. “సోడా తెస్తానే, ఓర్చుకో” అని నా స్నేహితురాలు లేచి వెళ్లింది. అక్షరం పూర్తయి, ఆవిడ పసుపు అద్దిన తర్వాత ఎప్పటికో తిరిగొచ్చింది. మొహం వెలిగిపోతోంది, చేతిలో సోడా మాత్రం లేదు. “నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతున్నాయే. ఈసారి వచ్చినప్పుడు తప్పకుండా పొడిపించుకుంటా, ఒట్టు” అంది. నేను నమ్మాను. నమ్మకూడదని ఎందుకనుకుంటాను?

ఇంట్లో మొదట కనిపెట్టింది నాయనమ్మే. వాచిన మణికట్టుకి కొబ్బరినూనె రాసి, “ఇంత నొప్పి పడి ఒకటే అక్షరమా? పిసినారిదానా” అంది. నాన్న కంటపడకుండా పొడుగుచేతుల జాకెట్లతో నడిపించాను. అది మిరపకాయలు కోసి కళ్లాల్లో ఎండబోసే కాలం. ఊరు ఊరంతా తుమ్ముతూ ఉండే రోజులు. ఆ ఎండలో పొడుగుచేతులేంటని అమ్మ విసుక్కునేది.

ఈలోగా ఊళ్లో ఒక మాట పుట్టింది. మా రోడ్డు మీద పత్తి మిల్లు ఉండేది. అందులో కొత్తగా వచ్చిన గుమాస్తా కుర్రవాడు ఒక ఆడపిల్లతో చీరాలలో సినిమా హాలు దగ్గర మాట్లాడుతూ కనపడ్డాడని. చూసినవాళ్లు ఎవరిని చూశారో నాకు తెలీదు. రోజూ కలిసి బస్సెక్కేది మేమిద్దరమే. పెద్దరైతు కూతురి మీద మాట వెయ్యడానికి ఎవరికీ నోరు రాలేదు. పల్లెలో మాస్టారి కూతురి మీద వచ్చింది. పచ్చబొట్లావిడ చాప మీద నన్ను చూశామని కూడా కలిపారు. ఆ మాట నాన్న చెవిన పడిన సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని నన్ను పిలిచాడు. “చెయ్యి చూపించు” అన్నాడు. అమ్మ జాకెట్టు చెయ్యి పైకి మడిచింది.

“ఎవరి పేరు ఇది?”

“దానిదే నాన్నా. మేమిద్దరం అనుకుని...”

“ఆ గుమాస్తా పేరు కూడా ‘ర’తోనే మొదలవుతుంది, తెలుసా?”

నాకు తెలీదు. నిజంగా తెలీదు. ఆ పిల్లవాడి పేరు దేంతో మొదలవుతుందో నేను అప్పుడే మొదటిసారి విన్నాను. సరిగ్గా అప్పుడే లెక్కల పుస్తకం గుండెకి ఆనించుకుని నా స్నేహితురాలు రోడ్డు దాటి వస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. “అదిగో, దాన్నే అడుగు నాన్నా” అన్నాను.

నాన్న లేచి నిలబడి, పెద్దింటి పిల్ల అన్న మర్యాదతోనే అడిగాడు. “అమ్మాయీ, దీని చేతి మీద ఉన్నది నీ పేరేనా? ఇద్దరూ కలిసే వెళ్లారా?”

అది నా చేతి వైపు చూసింది. తర్వాత నా వైపు చూడలేదు. మా వాకిట్లో ఆరబోసిన మిరపకాయల వైపు చూస్తూ, “నాకేం తెలీదండి మాస్టారూ” అంది.

అది ఆట పట్టిస్తోందనుకుని నేను నవ్వబోయాను. “ఏయ్, చెప్పవే” అన్నాను.

“నిజంగా తెలీదండి. బస్సులో పక్కపక్కన కూర్చుంటాం. అంతకు మించి మాకేం లేదు.”

అంతకు మించి మాకేం లేదు. అక్షరం తనది కాదన్నందుకు కంటే ఆ మాటకే నాకు ఎక్కువ నొప్పేసింది. ఏడ్చాను. కానీ వాకిట్లో మిరపఘాటుకి నాన్న కళ్లూ, అమ్మ కళ్లూ, దాని కళ్లూ అన్నీ నీళ్లు కారుతూనే ఉన్నాయి. నా కన్నీళ్లకి ఆ సాయంత్రం ప్రత్యేకమైన విలువేమీ దక్కలేదు. అది పుస్తకం పట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

నాన్న కొట్టలేదు, తిట్టలేదు. కాలేజీ మాత్రం మాన్పించాడు. పరీక్షలు ముంగిట్లో ఉన్నాయని చెప్పినా వినలేదు. పొద్దునపూట ఆయన గడ్డం గీసుకుంటుంటే పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించడం నా పని. అది కూడా ఆగిపోయింది. గడ్డం అయ్యాక తనే తీసుకుని చదువుకునేవాడు. నన్ను ‘అమ్మా’ అని పిలవడం మానేశాడు. పక్కింటావిడెవరో జీడిరసం పోస్తే పచ్చబొట్టు కాలిపోతుందని అమ్మకి చెప్పి, ఆ రసం తెచ్చి కూడా ఇచ్చింది. నాయనమ్మ దాన్ని లాక్కుని పెంటలో పారబోసి, “దాని చెయ్యి ముట్టుకుంటే ముందు నా చేతులు రెండూ కాల్చండి” అని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. నా స్నేహితురాలు పరీక్షలు రాసింది. బస్సు మా ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని అవతలివైపు చూసేది.

ఎండలు పోయి, వానలు పోయి, పత్తి తీతలు మొదలయ్యాయి. ఒక పొద్దున ఊరంతా గగ్గోలు. పెద్దరైతు కూతురు మిల్లు గుమాస్తాతో వెళ్లిపోయింది. సోడా కోసం వెళ్లి అది ఎవరి దగ్గరికి వెళ్లిందో, సూది కింద నన్నెందుకు కూర్చోబెట్టిందో, నాకు అప్పుడు తెలిసింది. నేను తనతో ఉంటేనే తనకి చీరాలలో ఆలస్యమయ్యే వీలు. ఆ రోజు వెళ్లామని ఒప్పుకుంటే, ఎక్కడెక్కడికి వెళ్లారన్న ప్రశ్న తన మీదికి వస్తుంది. మరి ఆ అక్షరం, తన పేరు తలచుకునే చెప్పిందా, ఆ పిల్లవాడి పేరు కూడా దాంట్లో కలిసొస్తుందని ముచ్చటపడి చెప్పిందా, అది మాత్రం ఇప్పటికీ తెలీదు.

ఆ సాయంత్రం నాన్న బడి నుంచి వచ్చి, పేపరు తిరగేస్తూ, “రేపటి నుంచి కాలేజీకి వెళ్లమ్మా” అన్నాడు. అంతే. లోపల్నించి నాయనమ్మ, “పిల్ల చెప్పిన రోజు చెవులెక్కడ పెట్టావురా?” అని అరిచింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు, పోయేదాకా. నేను వెళ్లాను, చదివాను, ఉద్యోగం చేశాను. పేపరు మాత్రం మళ్లీ చదివి వినిపించలేదు. ఆయన అడగలేదు, నేను కూర్చోలేదు. నా స్నేహితురాలు అబద్ధం చెప్పింది, నిజమే. కానీ ఆ అబద్ధాన్ని నా నిజం పక్కన పెట్టి చూసి, అబద్ధమే నమ్మదగ్గదిగా ఉందని తేల్చింది మా నాన్న. అది ఇల్లు వదిలి పారిపోతే తప్ప నేను నిజం చెప్పినట్టు కాలేదు. పెళ్లయిన కొత్తలో మా ఆయన చెయ్యి పట్టుకుని ఇదెవరని అడిగితే జరిగింది చెప్పాను. “అలాగా” అని కాఫీ తాగారు. అంత తేలిగ్గా నమ్మినందుకు నాకే నమ్మకం కుదరలేదు.

కొన్నేళ్ల కిందట చీరాలలో చీరల కొట్లో అది కనపడింది. ఒళ్లు చేసింది, జుట్టు నెరిసింది. వెనక సంచులు మోస్తూ బట్టతల మనిషి, ఆ గుమాస్తానే. పాపం మంచివాడిలానే ఉన్నాడు. సుఖంగానే బతికారట, పిల్లలు స్థిరపడ్డారట. ఆయన్ని బిల్లు దగ్గర నిలబెట్టి, నన్ను పక్కకి తీసుకెళ్లి, అడక్కుండానే నా మణికట్టు తిప్పి చూసింది.

“ఇంకా ఉందా!” అంది. నా చెయ్యి వదలకుండానే, “మీ నాన్న నిన్ను ఏం చేస్తారే? నాలుగు రోజులు కోప్పడతారు. మా నాన్నయితే నన్ను నరికేవాడు. ఆయన్ని కూడా. అందుకే అలా అన్నాను” అంది.

అది నిజమే కావచ్చు. వాళ్ల నాన్న ఎలాంటివాడో నాకు తెలుసు. “నాతో ముందే చెప్పుండొచ్చుగా. నేనే ఏదో ఒకటి చెప్పి నిన్ను కాపాడేదాన్ని” అన్నాను.

“నువ్వు అబద్ధం చెప్పలేవని భయమేసింది” అంది. ఆ మాట మెచ్చుకోలులాగే అంది. మళ్లీ తనే, “నన్ను ఇంకా తిట్టుకుంటున్నావా?” అని అడిగింది.

“అవునే” అన్నాను.

తల ఊపింది. నా చెయ్యి మెల్లిగా వదిలేసి, ఆయన దగ్గరికి వెళ్లి సగం సంచులు అందుకుంది.

ఆ అరుగు మీద నిలబడిన నాడు మా నాన్నకి ఉన్న వయసు నేను ఎప్పుడో దాటేశాను. ఇప్పుడు ఆయన నాకంటే చిన్నవాడు. చిన్నవాళ్లని క్షమించడం బళ్లో నాకు బాగా అలవాటైన పని. అయినా ఆ సాయంత్రం గుర్తొచ్చినప్పుడు మాత్రం ఆయనే పెద్దవాడు, నాకు పదిహేడే. నన్ను ముసలిదాన్ని చేసిన కాలం, ఆ పదిహేడేళ్ల పిల్లని మాత్రం ఇంతవరకూ ఒక్క రోజు కూడా పెద్దదాన్ని చేయలేకపోయింది.